ఫ్యూజీ 27 ఎంఎం: సన్నని లెన్సులలో నా ఎంపిక

సన్నని ప్రైమ్ లెన్సు (జూమ్ లేనిది) కొనాలనుకునేవారు ముందుగా తమ కెమెరాను పక్కనుంచి ఒకసారి చూసుకోవాలి. వేళ్ళు పట్టుకునే గ్రిప్ ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో గమనించండి. అంతకంటే సన్నని లెన్సు ఎంత డబ్బు పోసి కొన్నా సంచిలో చోటు మిగలదు. కెనాన్ తన డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు (లోపల కదిలే అద్దం ఉండేవి) 2012లో తెచ్చిన 40 ఎంఎం ఎఫ్/2.8 లెన్సు మందం 22.8 మిల్లీమీటర్లు, బరువు 130 గ్రాములు. పేరులోని 40 ఎంఎం దాని ఫోకల్ లెంగ్తు, ఆ అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెడల్పు చూపుతుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ ఎక్కువ కాంతి తీసుకుంటుంది. ముచ్చటైన లెన్సు, బొమ్మ కూడా చక్కగా ఇస్తుంది. కానీ డీఎస్‌ఎల్‌ఆర్‌కు ఉండే లావు గ్రిప్, నెత్తిమీది ప్రిజం ఎక్కడికీ పోవు కదా! మెడ మీద బరువు తగ్గుతుంది, అంతవరకే.

నా కెమెరా ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-ఇ4. దాని ముఖం చదునుగా ఉంటుంది, గ్రిప్ దాదాపు లేనట్టే. బ్యాటరీ, కార్డుతో కలిపి 364 గ్రాములు. దానికి నేను బిగించి ఉంచేది 27 ఎంఎం ఎఫ్/2.8 ఆర్ డబ్ల్యూఆర్. మందం 23 మిల్లీమీటర్లు, బరువు 84 గ్రాములు. రెండూ కలిసి అరకిలోకు లోపే. ఇలాంటి కెమెరా మీదే సన్నదనానికి అర్థం ఉంటుంది.

సన్నని లెన్సులు కొన్ని ఫోకల్ లెంగ్తుల దగ్గరే ఎందుకు దొరుకుతాయో తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో అద్దం కదలడానికి చోటు కావాలి. అందుకని కెనాన్‌లో లెన్సు బిగించే అంచు నుంచి బొమ్మను పట్టే సెన్సర్ దాకా 44 మిల్లీమీటర్లు వదిలారు. ఆ దూరానికి దగ్గరగా ఉండే 40, 45 ఎంఎం లెన్సులను కొద్దిపాటి గాజు కటకాలతోనే తయారు చేయవచ్చు. అంతకంటే వెడల్పుగా చూపాలంటే గాజులు పెరుగుతాయి, సాధారణంగా లావూ పెరుగుతుంది. అద్దం లేని ఫ్యూజీ ఎక్స్ మౌంట్‌లో ఈ దూరం 17.7 మిల్లీమీటర్లే. ఇక్కడ 27, 23 ఎంఎంలు కూడా పలచగా రావడానికి ఇదొక కారణం.

ఇక అసలు ప్రశ్న: 27నా, 23నా, 18నా? నేను ఎక్కువగా ఫొటోలు తీసేది పోచంపల్లిలో, మా మేనత్త ఇంట్లో, చుట్టుపక్కల మగ్గం ఉన్న ఇళ్లలో. గుంట మగ్గం గదిలో సగం చోటు మగ్గానిదే. ఎదురు గోడకు వీపు ఆనించి కూర్చుంటే నేసేవారికీ నాకూ మధ్య సుమారు రెండు మీటర్లు ఉంటుంది. లెక్క సులువే. సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లను ఫోకల్ లెంగ్తుతో భాగించి, దూరంతో గుణించాలి. రెండు మీటర్ల నుంచి 27 ఎంఎం చూపే వెడల్పు 1.74 మీటర్లు. 23 ఎంఎం అయితే 2.04, 18 ఎంఎం అయితే 2.61. మనిషి, చేతులు, ఎదుట పరుచుకున్న చీర 27లో నిండుగా వస్తాయి, మగ్గం అంచులు మాత్రం తెగుతాయి. 18లో గది మొత్తం వస్తుంది కానీ మనిషి చిన్నగా కనిపిస్తాడు. నాకు మనిషే ముఖ్యం కనుక 27 తీసుకున్నాను. మీరు ఎక్కడ నిలబడి ఫొటోలు తీస్తారో ఆ చోటును టేపు పెట్టి కొలుచుకోండి. లెన్సుల పరీక్షా ఫలితాల పట్టికలు చదవడం కంటే అది వెయ్యి రెట్లు ఉపయోగం.

వెలుతురు తక్కువైతే ఎఫ్/2.8 ఇరుకే. కిటికీ పక్కన మగ్గం ఉంటే ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందన) 3200 పెట్టి సెకనులో 125వ వంతు దగ్గర తీస్తాను. చేతులు నిలుస్తాయి, దారాన్ని అటూ ఇటూ మోసే నాడె మాత్రం గీతలా సాగుతుంది, అదీ నాకు ఇష్టమే. దీపాల వెలుగే దిక్కయినవారికి 18 ఎంఎం ఎఫ్/2 మేలు, రెట్టింపు కాంతి వస్తుంది. బరువు 116 గ్రాములు, మందం మాత్రం ఒక సెంటీమీటరు పైగా ఎక్కువ. 2025లో వచ్చిన 23 ఎంఎం ఎఫ్/2.8 కూడా 23 మిల్లీమీటర్ల మందమే, 90 గ్రాములు. ఇది 20 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళి ఫోకస్ చేస్తుంది. 27కు 34 సెంటీమీటర్లు కావాలి. చీర అంచు నేత, దారాల ముడులు దగ్గరగా చూపించాలనుకునేవారు 23 వైపే మొగ్గాలి.

27లో ఫోకస్ కోసం గాజుల వరుస మొత్తం ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ శబ్దం నిశ్శబ్దమైన గదిలో తీసే వీడియోలోకి ఎక్కుతుంది. వీడియోలే మీ పని అయితే 180 గ్రాములు, 52 మిల్లీమీటర్ల మందం భరించి 23 ఎంఎం ఎఫ్/2 తీసుకోండి. అది చప్పుడు లేకుండా చకచకా ఫోకస్ పడుతుంది.

2013 నాటి పాత 27 చేతులు మారి తక్కువ ధరకు దొరుకుతుంది. గాజుల అమరిక అదే, బరువు 78 గ్రాములు. అపర్చర్ రింగు (కాంతి ఎంత రావాలో తిప్పి పెట్టుకునేది), తేమ నుంచి రక్షణ మాత్రం 2021 నాటి కొత్తదానికే ఉన్నాయి. పాతది కొనేటప్పుడు ఫోన్ టార్చి వెలుగును లెన్సు గుండా పంపి, ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లాంటి బూజు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దనండి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రతీరపు ఊళ్ళలో వాడిన లెన్సు అయితే మరీ జాగ్రత్త. కొన్నాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి, తోలు సంచిలో మూసి పెట్టకండి.