లైఫ్‌టైమ్ అని అమ్మే పీఎస్5 గేమ్ అకౌంట్లతో జాగ్రత్త

హైదరాబాద్‌లో పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5) ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నిన్న రాత్రి నా డబ్బులు పోయాయి, ఆట సరిగ్గా అసలు చోట ఆగిపోయింది, పైగా ఫోన్‌లో మాటలు పడాల్సి వచ్చింది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే ఈ వారాంతంలో ఇంకో నలుగురు ఈ గేమ్ అకౌంట్లు అమ్మే అబ్బాయికి డబ్బు పంపిస్తారు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మీలో చాలామందికి ఆ అబ్బాయి తెలిసే ఉంటాడు. రోజూ పొద్దున్నే వాట్సాప్ స్టేటస్‌లో గేమ్‌ల లిస్ట్ పెడతాడు. ప్రైమరీ (అతని అకౌంట్‌లోని గేమ్‌ను మన ఐడీలో ఆడుకోవడం) ఇంత, సెకండరీ (అతని ఐడీలోనే ఆడటం) ఇంత, లైఫ్‌టైమ్ గ్యారంటీ అని. అమీర్‌పేట మెట్రో దగ్గర కలిసి పాత కంట్రోలర్లు కూడా అమ్ముతుంటాడు. ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి పేరు, నంబర్ ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి వాళ్లు అతనొక్కడే కాదు, పద్ధతి అందరిదీ ఒకటే.

నేను మామూలుగా డిస్కులే కొంటాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కి వెళ్లి తెచ్చుకోవడం, పూర్తయ్యాక అమ్మేసి ఆ డబ్బుకు కొంత కలిపి ఇంకోటి తెచ్చుకోవడం. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ 2022 నవంబరులో వచ్చినప్పుడు పీఎస్5 డిస్క్ 4,999 రూపాయలు. అంత పెట్టినా బాధ అనిపించలేదు. ఐరన్‌వుడ్ అనే చోట కొడుకు అట్రియస్ భాగం సాగదీశారు కానీ, తండ్రీ కొడుకుల మధ్య నడిచిన కథ ఇప్పటికీ గుర్తుంది. పూర్తిచేసి మంచి ధరకే అమ్ముకున్నాను. డిస్క్‌లో ఉన్న ధైర్యం అదే, అది మన చేతిలో ఉంటుంది.

క్లెయిర్ అబ్‌స్క్యూర్ ఎక్స్‌పెడిషన్ 33 అనే గేమ్ కోసం వెతికిన రోజు మాత్రం డిస్క్ ఎక్కడా దొరకలేదు. ఇతని స్టేటస్‌లో కనిపించింది. ప్రైమరీ 1,500 రూపాయలు. కొనేముందు ఒకటికి రెండుసార్లు అడిగాను, తర్వాత లాక్ పడుతుందా అని. వాయిస్ మెసేజ్ పంపాడు: "టెన్షన్ వద్దన్నా, లైఫ్‌టైమ్ నీదే, ఏమైనా అయితే నేనున్న." ఆ మెసేజ్ నా ఫోన్‌లో భద్రంగా ఉంది.

డబ్బు కొట్టాక అతని ఐడీ, పాస్‌వర్డ్ పంపాడు, కోడ్ వస్తే అదీ వాట్సాప్ చేశాడు. నా కన్సోల్‌లో అతని యూజర్‌ను చేర్చి, కన్సోల్ షేరింగ్ అండ్ ఆఫ్‌లైన్ ప్లే అనే సెట్టింగ్ ఆన్ చేసి, గేమ్ డౌన్‌లోడ్ చేసుకుని, నా సొంత ఐడీలోకి వచ్చి ఆడుకోవడం. పావుగంట పని. అంతా చక్కగా నడిచింది.

వెంటనే మొదలుపెట్టలేదు. అప్పటికి ఘోస్ట్ ఆఫ్ సుషిమా సగంలో ఉంది. అది మధ్యలో వదిలేసే ఆట కాదు. 1274లో మంగోలులు సుషిమా దీవి మీద పడిన నేపథ్యం. దారి చూపడానికి స్క్రీన్ మూలన మ్యాప్ ఉండదు, టచ్‌ప్యాడ్ మీద వేలితో పైకి తోస్తే గాలి వీస్తుంది, అది వీచే వైపు గుర్రాన్ని నడిపించాలి. చివరికొచ్చేసరికి కొన్ని పనులు చేసిందే చేసినట్టు ఉన్నాయి, అయినా ఆ గాలి కోసమే రోజూ కాసేపు ఆడాను. ఇంట్లో అందరూ పడుకున్నాక దొరికే గంటన్నరలోనే కదా మన ఆటలన్నీ.

ఆ తర్వాత ఎక్స్‌పెడిషన్ 33. ఈమధ్య ఆడినవాటిలో నన్ను ఇంతగా పట్టేసింది ఇంకోటి లేదు. ఫ్రాన్స్‌లోని మాంట్‌పెలియర్‌కు చెందిన శాండ్‌ఫాల్ అనే చిన్న స్టూడియో చేసిన మొదటి ఆట, 2025 ఏప్రిల్ 24న వచ్చింది. పెయింట్రెస్ అనే ఆమె ఏటా ఒక పెద్ద రాతిస్తంభం మీద ఒక అంకె రాస్తుంది, ఆ వయసు వాళ్లంతా పూలరేకులై గాలిలో కలిసిపోతారు. అంకె ఏటేటా ఒకటి తగ్గుతూ వస్తుంది. ఆమెను ఆపడానికి బయలుదేరిన దళం కథ ఇది. మొదటి అరగంటలోనే గొంతు పట్టేసింది.

పోరాటం వంతులవారీగా ఉంటుంది, కానీ ఖాళీగా కూర్చోనివ్వదు. శత్రువు కొట్టే ప్రతి దెబ్బకూ సరిగ్గా ఆ క్షణానికి బటన్ నొక్కి అడ్డుకోవాలి. పక్కకు తప్పుకోవడానికి కాస్త వెసులుబాటు ఉంది, అడ్డుకోవడానికి లేదు. వరుసగా అన్నీ అడ్డుకుంటే మనవాడు తిరిగి ఒకే దెబ్బ వేస్తాడు, ఆ చప్పుడు వింటే ఒళ్లు జలదరిస్తుంది. కళ్లతో చూస్తే ఆలస్యమవుతుంది, డప్పు దరువు పట్టుకున్నట్టు చెవితో పట్టుకోవాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అలా నేర్చుకున్నాను. పాత్రల సామర్థ్యాలు, ఆయుధాలు, పిక్టోలు (పాత్రలకు అదనపు శక్తులిచ్చేవి) అన్నీ ఎంతో ఓపిగ్గా కూర్చుకున్నాను. మ్యాయెల్ అనే పాత్రను ఎలా తయారుచేసుకున్నానో చెప్పాలంటే ఇంకో పేజీ కావాలి.

నిన్న రాత్రికి పెయింట్రెస్ ఉన్న ఆ రాతిస్తంభం దాకా వచ్చాను. వారమంతా దానికోసమే ఎదురుచూశాను. పీఎస్5 ఆన్ చేస్తే గేమ్ బొమ్మ మీద చిన్న తాళం గుర్తు. నొక్కితే తెరుచుకోలేదు. ఇంటర్నెట్ తీసి పెట్టాను, కన్సోల్ ఆఫ్ చేసి ఆన్ చేశాను, లైసెన్సులు రిస్టోర్ చేశాను. అతని యూజర్‌లోకి వెళ్లబోతే పాస్‌వర్డ్ తప్పు అంది.

ఫోన్ చేశాను. ఏదో పొరపాటు జరిగి ఉంటుందనే అనుకున్నాను, మర్యాదగానే మాట్లాడాను.

"తమ్ముడూ, గేమ్ లాక్ అయింది, ఒకసారి చూస్తావా?"

"ఎప్పుడు తీస్కున్నరు?"

చెప్పాను.

"ఆరు నెలలు దాటిందిగా. అయిపోయింది."

"అదేంటి, లైఫ్‌టైమ్ అన్నావు కదా. నీ వాయిస్ మెసేజ్ ఉంది నా దగ్గర."

ఒక్క క్షణం మాట్లాడలేదు. పక్కన ఎవరో నవ్వడం వినబడింది. అప్పటిదాకా ఉన్న 'మీరు' కాస్తా పోయింది.

"పదిహేను నూర్లకు లైఫంతా ఆడుదామనుకున్నవా? ఇంకో ఎనిమిది నూర్లు కొట్టు, పది నిమిషాల్ల ఆన్ చేస్త. లేదంటే లైట్ తీస్కో."

పోలీసులకు ఫిర్యాదు చేస్తానన్నాను.

"చెయ్. ఏమని చెప్తవ్? వేరేటోని ఐడీల ఆడిన అని చెప్తవా?"

ఫోన్ పెట్టేసి బ్లాక్ చేశాడు. డబ్బు తీసుకునేటప్పుడు ప్రతి మాటకూ అన్నా, అన్నా అన్న నోరే ఇది. 1,500 పోయినందుకు కాదు నాకు మంట. నమ్మి డబ్బిచ్చిన మనిషిని పట్టుకుని పక్కవాళ్లను నవ్విస్తూ మాట్లాడాడు చూడండి, అందుకు. రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. ఇది సాంకేతిక లోపం కాదు, అతను కావాలనే చేసిన పని. సోనీ పద్ధతి ప్రకారం ఒక అకౌంట్‌కు కన్సోల్ షేరింగ్ ఒక్క పీఎస్5 మీదే పనిచేస్తుంది. ఆ అకౌంట్ అసలు యజమాని మన కన్సోల్‌ను ముట్టుకోకుండానే, ఎక్కడో కూర్చుని వెబ్‌సైట్ నుంచి దాన్ని తీసేయగలడు. అలా తీసేసే అవకాశం ఆరు నెలలకు ఒకసారే ఉంటుంది. అందుకే ఆరు నెలలు ఇంత మంచివాడు ఇంకొకడు లేడన్నట్టు ఉంటాడు. గడువు రాగానే మనది తీసేసి, అదే కాపీని ఇంకొకరికి మళ్లీ 'లైఫ్‌టైమ్' అని అమ్ముతాడు, లేదా మన దగ్గరే రెండోసారి గుంజుతాడు. అతను చూపించే స్క్రీన్‌షాట్లు, 'సూపర్ భయ్యా, వెంటనే వచ్చింది' అనే రివ్యూలు అన్నీ కొన్న మొదటి వారంలో రాసినవే. ఆ రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, వాళ్లకింకా తాళం పడలేదంతే. ఆరు నెలలు దాటినవాళ్లు ఏమంటున్నారో ఎక్కడా కనబడనివ్వడు.

సెకండరీ కొన్నవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. అందులో అమ్మేవాడి ఐడీలోనే ఆడాలి కాబట్టి సేవ్‌లు, ట్రోఫీలు అన్నీ వాడి పేరు మీదే ఉంటాయి. మా బాబాయి కొడుకు ఎల్డెన్ రింగ్ అలా కొన్నాడు, ఇంకొకడి దగ్గర. అందులోని మలేనియా అనే శత్రువును ఓడించడానికి వాడు పడిన పాట్లు ఇంట్లో మేమంతా చూశాం, ఓడించిన రాత్రి అరిచిన అరుపుకు మా పిన్ని లేచి వచ్చింది. తర్వాత కొన్నాళ్లకు పాస్‌వర్డ్ మార్చేశాడు ఆ అమ్మినవాడు. మావాడి ఆట మొత్తం పోయింది. పీఎస్5 గేమ్‌ల సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునే వీలు కూడా లేదు. ఇప్పుడు డిస్క్ కొని ఇచ్చినా మళ్లీ మొదటి నుంచి ఆడే ఓపిక లేదంటున్నాడు. అంత ఇష్టంగా ఆడిన కుర్రాడు కంట్రోలర్ ముట్టుకోవడం లేదు.

నా సేవ్ నా ఐడీలో ఉంది కాబట్టి అదొక్కటి దక్కింది. గేమ్ సొంతంగా కొంటే ఆపిన చోటు నుంచే ఆడొచ్చు. అతనికి మాత్రం ఇంకో రూపాయి కూడా ఇవ్వను. మీలో ఎవరికైనా ఇలాగే తాళం వేసి మళ్లీ డబ్బు అడిగితే మీరూ ఇవ్వకండి. ఇచ్చినవాళ్ల దగ్గరికే మళ్లీ ఆరు నెలలకు వస్తాడు.

సోనీ సపోర్ట్ మీద ఆశ పెట్టుకోకండి. అకౌంట్లు అమ్మడం వాళ్ల నిబంధనలకే విరుద్ధం, వాళ్ల లెక్కలో ఆ అకౌంట్ మనది కాదు. కానీ అతను బెదిరించినట్టు భయపడాల్సిన పని కూడా లేదు. లైఫ్‌టైమ్ అని చెప్పి డబ్బు తీసుకుని మోసం చేసింది అతను. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్‌లో రాయండి. యూపీఐ లావాదేవీ నంబర్, వాట్సాప్ చాట్, వాయిస్ మెసేజ్, తాళం గుర్తు ఉన్న స్క్రీన్ ఫొటో దగ్గర పెట్టుకోండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది. నేను ఈరోజు పొద్దున్నే చేశాను.

కొనాలంటే డిస్క్ కొనండి, పాతదైనా సరే. డిస్క్ డ్రైవ్ లేని పీఎస్5 ఉన్నవాళ్లు స్టోర్‌లో ధర తగ్గే దాకా ఆగి మీ సొంత ఐడీతోనే కొనుక్కోండి. పాత డిస్క్ తీసుకుంటే దుకాణంలోనే పెట్టి ఆడించి చూడండి. రెండు డిస్కుల గేమ్‌లు, అంటే పీఎస్4 రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 లాంటివి, డేటా డిస్క్, ప్లే డిస్క్ రెండూ ఉన్నాయో లేదో డబ్బాలో చూసుకోండి. ప్లే డిస్క్ లేకపోతే ఆ గేమ్ నడవదు.

ఆ స్టేటస్ చూసి కొన్నవాళ్లు మీలో ఉంటే అతని వాయిస్ మెసేజ్‌లు చెరిపేయకండి. మీకింకా తాళం పడకపోయినా సరే, ఎప్పుడు కొన్నారో, ఎంత ఇచ్చారో నాకు రాయండి. నా ఫిర్యాదుతో పాటు అవి కూడా ఇస్తాను.