అడవి పండు తినొచ్చా లేదా తేల్చుకోవడానికి ఏది మేలు: రంగు, రుచి, యాప్, మొక్కతో పరిచయం?

పొదల్లో నిగనిగలాడే పండ్లు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అవి తినేవో కాదో తేల్చుకోవడానికి జనం వాడే దారులు ముఖ్యంగా నాలుగు. వాటిలో మొదటి రెండింటినీ ఎవరూ నమ్మొద్దనే నేను చెబుతాను.

మొదటిది బండగుర్తులు. తెల్ల పండ్ల జోలికి పోవద్దన్న మాట చాలావరకు మంచిదే, తెల్ల మల్బరీ లాంటివి తప్ప. కానీ నల్లవైతే ఫర్వాలేదనుకుంటే బెల్లడోనా అనే విషపు మొక్క పండు కూడా నల్లగానే ఉంటుంది, ప్రాణం తీస్తుంది. పిట్టలు తింటున్నాయి కదా అనుకోవడం ఇంకా ప్రమాదం. యూ (yew) అనే చలిదేశపు చెట్టు పండులోని ఎర్రటి గుజ్జును పిట్టలు తింటాయి, గింజ మాత్రం నలగకుండా బయటికొచ్చేస్తుంది. అదే గింజను మనిషి నమిలితే అందులోని విషం నేరుగా గుండెను దెబ్బతీస్తుంది.

రెండోది, కాస్త కొరికి చేదుగా ఉంటే ఉమ్మేయడం. బెల్లడోనా పండు తియ్యగా ఉంటుంది, కాబట్టి నాలుక హెచ్చరించదు. నోరు ఎండిపోయి, కంటిపాపలు పెద్దవై, లేనివి ఉన్నట్టు కనిపించేసరికి విషం ఒంట్లోకి ఎక్కేసి ఉంటుంది.

ఫోన్ యాప్ వీటికంటే నయం. ఆకు, పువ్వు, కాయ విడివిడిగా ఫొటోలు తీస్తే వెతకడానికి ఒక పేరు చేతికొస్తుంది. కానీ అది ఊహే. ఒక్క పండు ఫొటో చూసి యాప్ చెప్పిన పేరును నమ్మి నోట్లో వేసుకోవడం తప్పు.

నా ఓటు నాలుగోదానికే: ఒక్కో మొక్కను వేరు నుంచి చివుళ్ల దాకా గుర్తుపట్టడం, దాన్ని పోలిన విషపు మొక్కతో కలిపి నేర్చుకోవడం. కామంచినే తీసుకోండి. దాని పండ్లు బఠాణీ గింజంత, చిన్న గుత్తులుగా వేలాడతాయి. పూలు తెల్లగా నక్షత్రాల్లా ఉంటాయి, మధ్యలో పసుపు. బెల్లడోనా పండు అంతకంటే పెద్దది, ఒక్కొక్కటిగా కాస్తుంది, వెనక అయిదు రెక్కల పచ్చని తొడిమ విచ్చుకుని ఉంటుంది. దాని పువ్వు ఊదారంగు గంటలా ఉంటుంది. ఇంత తెలిశాక రెండింటినీ కలగాపులగం చేసుకోవడం కష్టం. ఇంకో సంగతి, కామంచిలోనూ బాగా నల్లగా పండినవే తినాలి. పచ్చికాయల్లో సొలనిన్ అనే విషం ఉంటుంది, ఉడికించినా అది పూర్తిగా పోదు.

అడవి ద్రాక్షకూ ఇలాంటి జోడీ ఉంది. ఉత్తర అమెరికాలో పెరిగే మూన్‌సీడ్ తీగ పండ్లు చూడటానికి అచ్చం ద్రాక్షలే. కానీ ద్రాక్ష తీగకు నులితీగలు ఉంటాయి, పండులో సాధారణంగా రెండు నుంచి నాలుగు గింజలుంటాయి. మూన్‌సీడ్‌కు నులితీగలు ఉండవు, పండు కోస్తే నెలవంక లాంటి గింజ ఒక్కటే కనిపిస్తుంది. పండును చీల్చి చూసే అలవాటు అందుకే కావాలి.

ఈ దారిలో ఆలస్యం తప్పదు. ఒక సీజన్‌లో రెండు మూడు మొక్కలను గుర్తుపట్టడం వచ్చినా చాలు. కొత్తవాళ్లు ముళ్లపొదల బ్లాక్‌బెర్రీతో మొదలుపెట్టొచ్చు, తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని. యాప్‌ను పేరు కోసం వాడి, తేల్చుకోవడం మాత్రం ఆ మనిషితోనో మంచి పుస్తకంతోనో చేయండి.

పిల్లలెవరైనా తెలియని పండు తినేస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి, బలవంతంగా వాంతి చేయించకండి. ఆకులూ పండ్లూ ఉన్న కొమ్మను విరిచి వెంట తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.