చైనా అప్పా, ఐఎంఎఫ్ అప్పా? శ్రీలంకని చూస్తే తెలుస్తుంది

చిన్న దేశానికి డాలర్లు కావాలంటే ఇప్పుడు రెండు గడపలున్నాయి, ఒకటి చైనా, ఇంకోటి కష్టాల్లో ఉన్న దేశాలకి అప్పిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్), శ్రీలంక రెండూ తొక్కింది.

ఖర్చు: శ్రీలంక దక్షిణ తీరంలోని హంబన్‌తోట పోర్టు మొదటి దశకి చైనా బ్యాంకు ఇచ్చిన 30.7 కోట్ల డాలర్ల మీద వడ్డీ 6.3 శాతం. ఐఎంఎఫ్ 2023లో సుమారు 300 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది కానీ అక్కడ అసలు బరువు షరతులది, 2022లో 8 శాతం ఉన్న వ్యాట్ 2024కి 18 అయింది, కరెంటు చార్జీలూ పెరిగాయి, అంటే కొట్లో సరుకు కొనే మనిషే కట్టాలి, నాకు బాధ అనిపించేది అక్కడే.

రిస్క్: చైనా అప్పు కింద పోర్టు లాక్కుందని అందరూ అంటారు, అది తప్పండీ. 2017లో చైనా కంపెనీకిచ్చిన 99 ఏళ్ల లీజుకి 112 కోట్ల డాలర్లు వచ్చాయి, పోర్టు అప్పు మాత్రం అలాగే మిగిలింది. ఐఎంఎఫ్‌లో అయితే కోటాల (ఒక్కో దేశం వాటాల) మార్పు లాంటి పెద్ద నిర్ణయాలకి 85 శాతం ఓట్లు కావాలి, అమెరికాకి 16 శాతం పైనే ఉన్నాయి, అది వద్దంటే ఆగిపోయినట్టే.

ఓడలు వస్తాయి, డాలర్లు తిరిగొస్తాయి అని లెక్క గట్టిగా ఉంటే చైనా అప్పు పర్లేదు. 2022లోలా పెట్రోల్ బంకుల ముందు రోజుల తరబడి క్యూలుంటే ఐఎంఎఫ్ దగ్గరికే వెళ్లాలి, అది వచ్చేదాకా పక్కింటి చేబదులు కావాలి, ఆ ఏడాది మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది అలాగే.