కాలమ్‌లో లెక్కా, మెజర్‌లో లెక్కా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ పవర్ బీఐ (డేటాతో రిపోర్ట్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) నేర్చుకునే మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఎన్ని అమ్మామో అమ్మకాల టేబుల్‌లో ఉంటుంది, ధర సరుకుల టేబుల్‌లో ఉంటుంది. రెండింటినీ ఎక్కడ గుణించాలి?

క్యాలిక్యులేటెడ్ కాలమ్‌లో, అంటే ఫార్ములా రాసి టేబుల్‌కు మనం చేర్చే కాలమ్‌లో, రిలేటెడ్ ఫంక్షన్‌తో (సంబంధం కలిపిన టేబుల్ నుంచి విలువ తెచ్చేది) ధర తెచ్చుకుని వరుసవరుసకూ గుణిస్తాం. ఫలితం కళ్లెదుటే ఉంటుంది. కానీ డేటా రిఫ్రెష్ అయినప్పుడే లెక్క జరుగుతుంది, మెమరీ కూడా తింటుంది.

మెజర్‌లో, అంటే టేబుల్‌లో నిల్వ ఉండకుండా రిపోర్ట్‌లో లెక్కకట్టే ఫార్ములాలో, సమ్‌ఎక్స్ (వరుసవరుసకూ లెక్కకట్టి మొత్తం కూడే ఫంక్షన్) లోపల అదే రిలేటెడ్ పెడితే, రిపోర్ట్‌లో ఏ ఫిల్టర్ ఉంటే దానికి తగ్గట్టు అప్పటికప్పుడు లెక్క కడుతుంది. శాతాల దగ్గరే దీని విలువ తెలిసేది. 100 రూపాయల అమ్మకంలో లాభం 50, 900 రూపాయల అమ్మకంలో లాభం 90 అనుకోండి. కాలమ్‌లో 50 శాతం, 10 శాతం పడతాయి, వాటి సగటు 30. నిజానికి 1000 రూపాయలకు వచ్చింది 140, అంటే 14 శాతమే! మొత్తం లాభాన్ని మొత్తం అమ్మకంతో భాగించే మెజర్ రాస్తే ఈ పొరపాటు రాదు.

అందుకే నా ఓటు మెజర్‌కే. స్లైసర్‌లో (రిపోర్ట్ చూసేవాళ్లు ఫిల్టర్ ఎంచుకునే పెట్టెలో) పెట్టాలంటే మాత్రం కాలమ్ తప్పదు. ఇంకొకటి, సరుకుల టేబుల్‌లో నిలబడి అమ్మకాల వరుసలు కావాలంటే రిలేటెడ్ పనిచేయదు, రిలేటెడ్‌టేబుల్ వాడాలి.