విజిటర్ వీసా ‘ఫైల్ రివ్యూ’ సర్వీసు: మా ఆయన కెనడా ఫైలుతో మా అనుభవం

నేను కెనడాలోని విన్నిపెగ్‌లో ఉంటాను, పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చింది. మా ఆయనకు తణుకులో మెడికల్ షాపు. ఆయనకూ పీఆర్ ఇప్పించి ఇక్కడికి తెచ్చుకోవడానికి నేను పెట్టిన స్పౌజ్ స్పాన్సర్‌షిప్ ఇంకా నడుస్తోంది. అది తేలేలోపు ఎండాకాలంలో ఓ ఆరు వారాలు వచ్చి వెళ్తారని విజిటర్ వీసాకి అప్లై చేశాం. వచ్చింది. ఫైలు పంపే ముందు డబ్బులిచ్చి వాడుకున్న ఒక సర్వీసు గురించి ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే నాలాంటి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే: కన్సల్టెంటుకి ఇవ్వాలా, మనమే పెట్టుకోవాలా?

ఈ రెండింటికీ మధ్య ఇంకో దారి ఉంది. దాన్ని ఫైల్ రివ్యూ అంటున్నారు. ఫారాలు మనమే నింపాలి, కాగితాలు మనమే పోగేయాలి. లైసెన్సున్న కన్సల్టెంటు మొత్తం చదివి, ఒక గంట వీడియో కాల్‌లో మాట్లాడి, తర్వాత రాతపూర్వకంగా తన అభ్యంతరాలు పంపుతారు. సబ్మిట్ కొట్టేది మనమే. నేను ఇచ్చింది 150 డాలర్లు, పైన టాక్స్. ప్రభుత్వానికి కట్టేది దీనికి అదనం: వీసాకి 100, బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫొటో) 85 కెనడా డాలర్లు. నా ఫైలు చూసిన కన్సల్టెంటు ఆవిడ పేరు ఇక్కడ రాయను. కెనడాలో ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు లైసెన్సిచ్చే సంస్థ ఒకటి ఉంది, దాన్ని కాలేజ్ అంటారు, 2021 నవంబరు నుంచి పనిచేస్తోంది. దాని వెబ్‌సైట్లో పబ్లిక్ రిజిస్టర్ ఉంటుంది. అందులో పేరు కొట్టి, లైసెన్సు నడుస్తోందో లేదో చూసుకున్నాకే డబ్బు పంపాను.

ఇంతకుముందు మా ఆయన అక్కడే మా జిల్లాలో ఒక కన్సల్టెన్సీకి వెళ్లొచ్చారు. ఏసీ గది, గోడనిండా వీసా స్టాంపుల ఫొటోలు. నేను ఫోన్లో లైన్లో ఉన్నాను. “మేడం, మీరేం టెన్షన్ పెట్టుకోకండి, అంతా మేం చూసుకుంటాం” అన్నాడు ఆ అబ్బాయి. చూసుకోవడమంటే ఏమిటో అడిగాను. వీసా అప్లికేషన్ పెట్టే ఆన్‌లైన్ అకౌంటు వాళ్ల ఈమెయిల్ మీద తెరుస్తారట, పాస్‌వర్డ్ వాళ్ల దగ్గరే ఉంటుందట. బ్యాంకు బ్యాలెన్స్ తక్కువ అనిపిస్తే “కొన్నాళ్లు వేయించి చూపిద్దాం” అన్నాడు. స్పాన్సర్‌షిప్ ఫైలు సంగతి అసలు రాయొద్దన్నాడు, రాస్తే రిజెక్ట్ చేస్తారట.

డబ్బు తీసుకుని కెనడా అప్లికేషన్ నడపాలంటే లైసెన్సున్న కన్సల్టెంటో లాయరో అయ్యుండాలి, మన తరఫున ప్రతినిధి వాళ్లేనని చెప్పే ఐఎంఎం 5476 ఫారం వాళ్ల పేరుతో ఫైల్లో పడాలి. ఆ ఫారం మీద ఎవరు సంతకం పెడతారని అడిగితే “అది ఆప్షనల్ మేడం” అన్నాడు. అక్కడితో మాట్లాడటం ఆపేశాం. సమాచారం దాచినట్టు, తప్పుగా చెప్పినట్టు తేలితే ఇమిగ్రేషన్ చట్టం సెక్షన్ 40 కింద అయిదేళ్ల నిషేధం పడుతుంది, ఆ అయిదేళ్లూ పీఆర్‌కి కూడా అప్లై చేసుకోకూడదు. అంటే ఆరు వారాల ట్రిప్పు కోసం అసలు ఫైలునే పణంగా పెట్టడం. ఆ నిషేధం పడేది మా ఆయన మీద, ఆ కుర్రాడి మీద కాదు. వాళ్ల గోడ మీద ఇంకో ఫొటో తగ్గుతుంది, అంతే.

ఇక రివ్యూ సంగతి. ఇక్కడ ఉదయం 10:30, అక్కడ రాత్రి 9. మా ఆయన షటర్ సగం దించి కౌంటర్ వెనకే కూర్చున్నారు. ఆవిడ పంజాబీ ఆవిడ, మాటలు తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. నమస్కారాలు అవ్వగానే వేసిన మొదటి ప్రశ్న: “మీరిక్కడున్న ఆరు వారాలూ ఆ షాపులో మందులు ఎవరిస్తారు?”

నేను ఆ ప్రశ్న ఊహించలేదు. డ్రగ్ లైసెన్సులు, అంటే ఫారం 20, 21, రెండూ పెట్టాం. జీఎస్టీ రిటర్నులు, ఐటీ రిటర్నులు, షాపు అద్దె అగ్రిమెంటు అన్నీ ఉన్నాయి. వ్యాపారం ఉంది కాబట్టి వెనక్కి వెళ్తారని దానర్థం అనుకున్నాం. ఆవిడ వాదన వేరు. రిజిస్టర్డ్ ఫార్మసిస్టు లేకుండా మెడికల్ షాపు నడపకూడదు కదా, రోజూ షాపులో ఉండే ఆ ఫార్మసిస్టు ఈయనే అని మీ కాగితాలే చెబుతున్నాయి కదా. అయితే ఈయన వస్తే షాపు మూసెయ్యాలి. నెలన్నర షాపు మూసుకుని వచ్చే వ్యాపారస్తుడు తిరిగి వెళ్తాడని ఆఫీసరు ఎందుకు నమ్మాలి? పోనీ ఈయన లేకపోయినా అది దానంతటదే నడుస్తుందంటే, ఈయన వెనక్కి వెళ్లాల్సిన పనేముంది?

మా ఆయన ఒక్క క్షణం ఆగి, “మా తమ్ముడు ఉన్నాడు మేడం” అన్నారు. మా మరిది బీఫార్మసీ, రిజిస్ట్రేషన్ ఉంది. షాపు లైసెన్సులో రెండో ఫార్మసిస్టుగా వాడి పేరు ఎప్పటినుంచో ఉంది, రోజూ పనిచేసేది మాత్రం వేరే ఊళ్లో. మాకది ఎంత మామూలు విషయమంటే కాగితం మీద పెట్టాలన్న ఆలోచనే రాలేదు. ఆవిడ సలహా మీద మరిది ఒక పేజీ ఉత్తరం రాశాడు: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సెలవు పెట్టి షాపు చూసుకుంటాను, ఆ తర్వాత నా ఉద్యోగానికి నేను వెళ్లిపోవాలి. దానికి వాడి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, సెలవు మంజూరు లెటరు జోడించాం. మా ఆయన ఎందుకు వెనక్కి వెళ్లాలో ఆ ఒక్క ఉత్తరం చెప్పినంత గట్టిగా మా రిటర్నుల కట్ట చెప్పలేదు. నా 150 డాలర్లు ఆ కాల్ మొదటి ముప్పావుగంటలోనే గిట్టుబాటయ్యాయి.

ఆరు నెలలు అడక్కుండా ఆరు వారాలే అడగడం సరైన పనేనని కూడా ఆవిడ అంది. విజిటర్‌గా దిగినప్పుడు ఆఫీసరు వేరే తేదీ వెయ్యకపోతే మామూలుగా ఆరు నెలలు ఉండొచ్చు, నిజమే. కానీ షాపున్న మనిషి ఆరు నెలలు అడిగితే మరిది ఉత్తరానికి అర్థం ఉండదు.

తర్వాత బ్యాంకు స్టేట్‌మెంటు. మధ్యలో ఒక పెద్ద మొత్తం పడింది, చిట్టీ పాడిన డబ్బు. చిట్టీ అంటే ఏమిటో ఆవిడకు తెలియదు. నెలనెలా కట్టేది, పాట పాడేది, తీసుకున్నాక కూడా చివరిదాకా కట్టేది, మొత్తం నేనే చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, “ఇప్పుడు నాకు చెప్పినట్టే నాలుగు లైన్లు రాసి, పాస్‌బుక్కు కాపీ, కంపెనీ పేమెంటు లెటరు కలిపి పెట్టండి. స్టేట్‌మెంట్లో ఆ ఎంట్రీ పక్కన గుర్తు పెట్టండి” అంది. మనవైపు చిట్టీ లేని ఇల్లు అరుదు. వీసా ఆఫీసరుకి మాత్రం అది ఎక్కణ్ణుంచో ఊడిపడ్డ డబ్బే.

కొన్ని తీసేయించింది కూడా. అత్తయ్య పేరు మీదున్న పొలం పాసుపుస్తకం, దాని ఇంగ్లీషు అనువాదం, అఫిడవిట్, సీఏ ఇచ్చిన నెట్‌వర్త్ సర్టిఫికెట్టు. ఇంగ్లీషులోనో ఫ్రెంచిలోనో లేని ప్రతి కాగితానికీ అనువాదం ఉండాలి కాబట్టి ఆ పొలం కోసం ఖర్చు కూడా పెట్టేశారు మావాళ్లు. “ఈ పొలం ఎవరిది?” అంది. అమ్మగారిది. “వీసా ఎవరికి?” ఇక మాట్లాడలేదు ఎవరూ. ఫైలు మూడోవంతు సన్నబడింది. అత్తయ్యకు మాత్రం ఇప్పటికీ కోపమే, పొలం పెట్టకపోయినా వీసా వచ్చినందుకు.

ఇన్విటేషన్ లెటర్ దగ్గర పెద్దగా పనిపడలేదు. ఏమేం ఉండాలో కెనడా ఇమిగ్రేషన్ శాఖ ఐఆర్‌సీసీ వెబ్‌సైట్లోనే ఉంది: ఇద్దరి పేర్లు, పుట్టిన తేదీలు, అడ్రసులు, బంధుత్వం, ఎందుకు వస్తున్నారు, ఎన్నాళ్లు, ఎక్కడ ఉంటారు, ఖర్చు ఎవరిది, ఎప్పుడు వెళ్తారు, నా ఉద్యోగం, నా పీఆర్ కార్డు కాపీ, మా ఇంట్లో ఎంతమంది. నోటరీ చేయించడం వీసా ఆఫీసు వాళ్లు అడిగితేనే. ఆవిడ ఒక నమూనా ఉత్తరం పంపింది గానీ అది నాకు నచ్చలేదు. చదివితే ఎవరు ఎవరికి రాసిందైనా కావచ్చు. నా ఉత్తరం నేనే రాసుకున్నాను.

అసలు భయం స్పాన్సర్‌షిప్ దగ్గర. శాశ్వతంగా రావడానికి ఒక ఫైలు, తాత్కాలికంగా వచ్చి వెళ్తానని ఇంకో ఫైలు. పైకి చూస్తే రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చట్టంలో దీనికి దారి ఉంది: సెక్షన్ 22, సబ్‌సెక్షన్ 2. పీఆర్ కావాలనుకోవడం తాత్కాలికంగా రావడానికి అడ్డం కాదు, గడువయ్యేలోపు వెళ్లిపోతారని ఆఫీసరుకి నమ్మకం కలగాలి. వాడుకలో డ్యూయల్ ఇంటెంట్ అంటారు. స్పాన్సర్‌షిప్ నడుస్తున్న భార్యాభర్తల విజిటర్ వీసాలను త్వరగా చూస్తామని 2023 మేలో ప్రభుత్వమే ప్రకటించింది కూడా. “దాచడం మాట అటుంచండి, మీ బలం అదే” అంది ఆవిడ. స్పాన్సర్‌షిప్ అందినట్టు వచ్చిన లెటరును ఫైల్లో పైన పెట్టించి, ఉత్తరంలో ఒక వాక్యం రాయించింది: పీఆర్ నిర్ణయం వచ్చేదాకా ఆయన తణుకులోనే ఉంటూ ఎదురుచూస్తారు, ఈ రాక కలిసి గడపడానికే. ఫారంలో ఇంతకుముందు కెనడాకి అప్లై చేశారా అని ప్రశ్న ఎలాగూ ఉంటుంది. ఆ కన్సల్టెన్సీ కుర్రాడు చెప్పినట్టు చేసుంటే అక్కడ ‘లేదు’ అని టిక్కు పెట్టేవాళ్లం, ఆఫీసరు కంప్యూటర్లో మాత్రం మా ఫైలు నంబరుతో సహా కనిపించేది.

బయోమెట్రిక్స్‌కి మాకు దగ్గర హైదరాబాదే. రాత్రి రైలెక్కి వెళ్లి, వేలిముద్రలు, ఫొటో ఇచ్చి, ఆ సాయంత్రమే వెనక్కి. చెప్పుకోవడానికి ఏమీ లేదు. నిర్ణయం అక్కడి సెంటర్ వాళ్లది కాదు కాబట్టి వాళ్లనేమీ అడగనూ అక్కర్లేదు. తర్వాత పాస్‌పోర్టు అడిగారు, పంపాం. 2024 నవంబరు నుంచి మల్టిపుల్ ఎంట్రీ (ఒకే వీసా మీద చాలాసార్లు వచ్చి వెళ్లే వీలు) ఇవ్వడం మామూలు పద్ధతిగా లేదు, ఆఫీసరు ఇష్టం. మా ఆయనకు మల్టిపులే ఇచ్చారు.

ఈ సర్వీసులో నాకు నచ్చనివీ ఉన్నాయి. రాతపూర్వక వ్యాఖ్యలు చెప్పిన రోజుకి రాలేదు, గుర్తు చేస్తేగానీ కదల్లేదు. వచ్చాక చూస్తే సగం కాల్‌లో విన్నవే. కాల్ చివర్లో “మొత్తం నేనే చూసుకుంటే ఇంత” అని పెద్ద ప్యాకేజీ కూడా అమ్మజూసింది, అప్పటిదాకా ఉన్న గౌరవం కాస్త తగ్గింది. వారాంతాల్లో దొరకదు. నేను ఆఫీసుకి సెలవు పెట్టాల్సి వచ్చింది.

నాలుగు స్టార్లు ఇస్తాను. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్ను, సెలవు లెటరు ఉన్న ఉద్యోగికి, మీ ఫైల్లో వింత ఏదీ లేకపోతే, ఇది అక్కర్లేదు, సొంతంగా పెట్టుకోవచ్చు. సొంత వ్యాపారం, వ్యవసాయం, చిట్టీలు, అకౌంట్లో అర్థంకాని ఎంట్రీలు, పక్కనే నడుస్తున్న పీఆర్ ఫైలు, వీటిలో ఏదున్నా తీసుకోండి. ఒకసారి రిజెక్ట్ అయ్యుంటే మరీనూ. 2025 జూలై చివరి నుంచి కొన్ని తిరస్కరణ లేఖలతో పాటే ఆఫీసరు నోట్సు కూడా పంపుతున్నారు. అవి ఉంటే కాల్‌కి ముందే ఆవిడకి పంపండి, గంటలో సగం మిగులుతుంది. ఇక్కడికొచ్చాక గడువు పొడిగించుకోవడానికి మాత్రం ఎవరికీ డబ్బులివ్వొద్దు. అది 100 డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో మనమే పెట్టుకునే పని, గడువుకి కనీసం నెల ముందు పెడితే చాలు.

బుక్ చేసే ముందు రెండోసారి చదవడానికి విడిగా తీసుకుంటారా అని అడిగి తేల్చుకోండి. మా దగ్గర 60 డాలర్లు అడిగారు. ఇవ్వలేదు, మరిది ఉత్తరాన్ని మేమే ఇంకోసారి చదువుకుని పంపేశాం.