అందాల పోటీ గ్రూమింగ్ క్లాసు: మా అమ్మాయి వెళ్లొచ్చాక నా రివ్యూ

మాది వరంగల్. కొత్తవాడలో ఇరవై రెండేళ్లుగా టైలరింగ్ చేస్తున్నాను. మా అమ్మాయి డిగ్రీ ఫైనల్ ఇయర్. జాతీయ స్థాయి అందాల పోటీకి తెలంగాణ ఆడిషన్ ఇవ్వాలని పోయిన చలికాలంలో హైదరాబాద్‌లో ఒక గ్రూమింగ్ క్లాసులో, అంటే నడక, మాట నేర్పి పోటీకి తయారుచేసే క్లాసులో చేరింది. ఎనిమిది వారాలు, శని ఆదివారాలు, ఫీజు 45,000 రూపాయలు. చేరేముందు ఇలాంటి క్లాసుల గురించి తెలుగులో ఎవరైనా రాశారేమో అని నేనూ తనూ చాలా వెతికాం. కిరీటాల ఫొటోలు, చప్పట్ల వీడియోలు తప్ప లోపల ఏం నేర్పుతారో ఎక్కడా దొరకలేదు. మాలాంటి ఇంకో ఇంటికి పనికొస్తుందని రాస్తున్నాను. క్లాసు పేరు మాత్రం రాయను. అక్కడ నడక నేర్పిన మేడం దగ్గర మా అమ్మాయి చాలా నేర్చుకుంది. మిగతా విషయాల్లో నాకున్న కోపం ఆవిడ మీద పడటం నాకిష్టం లేదు.

ముందు ఈ కోరిక ఎక్కడ పుట్టిందో చెప్పాలి. 2025 మే నెలలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాద్‌లో జరిగినప్పుడు ఆ అమ్మాయిలు వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, రామప్ప చూడటానికి మావైపు వచ్చారు. మా అమ్మాయి స్నేహితురాళ్లతో వెళ్లి, వాళ్ల బస్సులు వెళ్తుంటే రోడ్డు పక్కన నిలబడి చూసొచ్చింది. ఆ రాత్రి అన్నం తింటూ "అమ్మా, నేను కూడా అప్లై చేస్తా" అంది. నాకు మొదట వచ్చిన అనుమానం ఎత్తు గురించి. తను ఐదడుగుల నాలుగంగుళాలు. ఫెమినా మిస్ ఇండియాకి ఒకప్పుడు 5 అడుగుల 5 అంగుళాలు ఉండాలనేవారు. తర్వాత 5 అడుగుల 3 అంగుళాలకు తగ్గించారు. 2017 నుంచి అందులో రాష్ట్రానికి ఒక అమ్మాయి చొప్పున తీసుకుంటున్నారు. అలా ఆంధ్రప్రదేశ్ నుంచి శ్రేయారావు కామవరపు 2018లో రెండో రన్నరప్ అయింది. 2019లో మన తెలంగాణ అమ్మాయి సంజనా విజ్ రన్నరప్. 2020 కిరీటం మానసా వారణాసిది. హైదరాబాద్‌లో వాసవి కాలేజీలో ఇంజినీరింగ్ చదివి, ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల. కరోనా వల్ల ఆ పోటీ 2021 ఫిబ్రవరిలో జరిగింది. తర్వాత మిస్ వరల్డ్‌లో మొదటి పదమూడు మందిలో నిలిచింది. మా ఆయన్ని ఒప్పించింది మానస కథే. "చదువుకుని ఉద్యోగం చేసే పిల్లే కదా వెళ్లింది, వెళ్లనీ" అన్నారు.

ఇక క్లాసు సంగతి. నడక నేర్పే మేడం ఒకప్పుడు మోడల్‌గా చేశారట. మొదటి వారం ఎవరినీ హీల్స్ ముట్టుకోనివ్వలేదు. నేల మీద తెల్ల టేపు అంటించి, ఒట్టి కాళ్లతో దాని మీద నడిపించారు. అదీ అద్దానికి వీపు పెట్టి. అద్దంలో చూసుకుంటూ నడిస్తే మెడ ముందుకి సాగుతుందని ఆవిడ మాట. మా అమ్మాయికి కుడి భుజం కొంచెం కిందికి ఉంటుంది. చిన్నప్పటి నుంచి దానికి బట్టలు కుట్టేదాన్ని కాబట్టి నాకు తెలుసు, కుడివైపు పావంగుళం సర్ది కుడతాను. ఆ సంగతి మేడం మొదటి గంటలోనే పట్టేశారు. "కాలేజీ బ్యాగు ఎప్పుడూ ఆ భుజానికే తగిలించుకుంటావా?" అని అడిగారు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఇరవై ఏళ్లుగా బట్టలో సర్దుతూ వచ్చానే గానీ ఆ ప్రశ్న నాకెప్పుడూ తోచలేదు. ఆ రోజు నుంచి బ్యాగు ఎడమ భుజానికి మారింది.

హీల్స్ విషయంలో ఆవిడ చెప్పినవి ఎవరికైనా పనికొస్తాయి. సాయంత్రం పూట కొనమన్నారు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి పొద్దున కొన్న చెప్పు సాయంత్రానికి బిగుసుకుపోయే బాధ ఉండదు. చీలమండ దగ్గర పట్టీ ఉన్నవే తీసుకోమన్నారు. కొత్త హీల్స్ అడుగుభాగాన్ని శాండ్ పేపర్‌తో గరుగ్గా రుద్దమన్నారు, స్టేజీ మీద నున్నటి నేల జారుతుందని. మేమిద్దరం రైల్లో ఎదురెదురుగా కూర్చుని, చెరో చెప్పు ఒళ్లో పెట్టుకుని కాజీపేట వచ్చేదాకా రుద్దాం. ర్యాంప్ చివర ఆగినప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని అప్పుడు తిరగాలి. టెన్షన్‌లో ఉన్న పిల్ల ఒకటి దగ్గరే తిరిగేస్తుంది, జడ్జి తల ఎత్తేసరికి వీపు కనిపిస్తుంది. ఎనిమిదో వారానికి మా అమ్మాయి నడక చూస్తే నాకు కళ్లు చెమర్చాయి. నాలుగంగుళాల హీల్స్ మీద నడుస్తోందన్న సంగతే గుర్తు రాలేదు. ఈ ఒక్క విషయానికి పదికి పది మార్కులు వేస్తాను.

మాట నేర్పే క్లాసు దగ్గరే నా మనసు విరిగింది. దానికి వేరే సార్ వచ్చేవారు. మొదటి రోజే జిరాక్సు కాగితాలు పంచారు. నలభై ప్రశ్నలు, వాటికి ఇంగ్లీషులో జవాబులు. అందరూ కంఠస్థం చెయ్యాలి. పరిచయం కూడా రాసిచ్చేశారు. తెలంగాణ అమ్మాయిలందరికీ ఒకటే: చార్మినార్, ముత్యాలు, బిర్యానీ. ఆంధ్రా అమ్మాయిలకి తిరుపతి లడ్డు, అరకు కాఫీ. బ్యాచ్‌లో పధ్నాలుగు మంది. నిజామాబాద్ పిల్ల ఉంది, ఖమ్మం పిల్ల ఉంది, ఆదోని నుంచి ఒకమ్మాయి అంత దూరం ప్రయాణం చేసి వచ్చేది. ఆదోని అంటే పత్తి మార్కెట్. ఆ అమ్మాయి వాళ్ల నాన్న ఆ మార్కెట్లోనే పని చేస్తారు. లంచ్‌లో నా పక్కన కూర్చుని పత్తి బస్తాల గురించి, వేలం గురించి, సీజన్‌లో ఊరంతా దూది ఎలా ఎగురుతుందో కళ్లకు కట్టినట్టు చెప్పింది. మధ్యాహ్నం క్లాసులో లేచి నిలబడి అరకు కాఫీ గురించి అప్పజెప్పింది. తను అరకు ఎప్పుడూ చూడలేదట.

మాక్ రౌండ్ (అసలు పోటీకి ముందు ప్రాక్టీసుగా పెట్టేది) రోజున ఒకే ప్రశ్నకి వరుసగా ఆరుగురు అమ్మాయిలు ఒకే వాక్యం చెప్పారు, ఒక్క మాట తేడా లేకుండా. సార్ "వెరీ గుడ్" అన్నారు. నేను ఆగలేక అడిగాను, "సార్, వీళ్లు రాష్ట్రం పేరున్న పట్టీ భుజాన వేసుకుని నిలబడాల్సిన పిల్లలు కదా, వాళ్ల ఊరి గురించి వాళ్లనే చెప్పనివ్వరా?" అని. "నేషనల్ లెవెల్లో ఊళ్ల పేర్లు ఎవరికీ తెలియవమ్మా, తెలిసినవి చెప్పాలి" అన్నారు. నాకది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. ఆ ఊళ్ల అమ్మాయిలు మిస్ ఇండియా కిరీటం గెలిచినప్పుడు కోటా పేరు, ఉజ్జయిని పేరు కూడా వాళ్ల పేర్లతో పాటే టీవీలో విన్నాం కదా. 2023లో నందినీ గుప్తాది కోటా, 2024లో నిఖితా పోర్వాల్‌ది ఉజ్జయిని. ఊరి పేరు తెలియాలంటే ఎవరో ఒకరు ముందు చెప్పాలి.

ఇంగ్లీషు భయం కూడా అనవసరంగా పెంచారు. ఇంగ్లీషు రావాలి, కాదనను, ఉద్యోగానికైనా కావాలి. కానీ మిస్ వరల్డ్, మిస్ యూనివర్స్ స్టేజీల మీదే దుబాసీని పక్కన పెట్టుకుని సొంత భాషలో జవాబు చెప్పే అమ్మాయిలు ఉంటారు. తడబడుతూ సొంత మాట చెప్పడం ఎలాగో నేర్పితే ఈ పిల్లలకి ఎంత బాగుండేది!

గౌను గురించి చెప్పకపోతే నా వృత్తికి న్యాయం చేసినట్టు కాదు. చివరి రెండు వారాల్లో, తమకు తెలిసిన బొటిక్‌లోనే గౌను అద్దెకు తీసుకోమన్నారు. అద్దె 9,000, డిపాజిట్ 3,000. ట్రయల్ చూద్దామని వెళ్లాను. మా అమ్మాయికి రెండు సైజులు పెద్దది తెచ్చి వెనక వరుసగా పిన్నులు పెట్టారు. ముందు నుంచి చూస్తే బాగానే ఉంది, ర్యాంప్ మీద తిరిగినప్పుడు ఆ పిన్నులన్నీ కనిపిస్తాయి. పొడవు ఒట్టి కాళ్లతో నిలబెట్టి కొలిచారు. గౌను అంచు కొలత హీల్స్ వేసుకుని నిలబడ్డాకే తీయాలి, ఇది ఏ టైలర్‌కైనా తెలిసిన సంగతి. నేను వద్దని చెప్పి వచ్చేశాను. ముదురు ఆకుపచ్చ శాటిన్ కొని, గౌను విచ్చుకుని నిలబడేలా లోపల క్యాన్‌క్యాన్ అనే గట్టి నెట్ గుడ్డ వేసి, ముందు వైపు పాదం తగలకుండా రెండంగుళాలు కురచగా, వెనక నేలకి ఆనేలా నేనే కుట్టాను. కుడి భుజం దగ్గర ఈసారి సర్దాల్సిన అవసరం పెద్దగా రాలేదు. అంతా కలిపి 4,200 అయింది. 1994లో సుస్మితా సేన్ మిస్ ఇండియా ఫైనల్‌కి వేసుకున్న గౌను, ఢిల్లీ సరోజినీ నగర్ మార్కెట్లో కొన్న గుడ్డతో మామూలు దర్జీ కుట్టిందే. చేతి గ్లౌజులు కొత్త సాక్సులు కత్తిరించి చేసుకున్నారని ఆవిడే చెప్పారు. ఆ ఏడాది ఆవిడ మిస్ యూనివర్స్ కూడా అయ్యారు. మిషన్ ముందు కూర్చున్నంతసేపూ అదే తలుచుకున్నాను.

చేరేటప్పుడు చెప్పని ఖర్చు ఇంకొకటి, ఫొటోషూట్ 12,000. తప్పనిసరి అన్నారు, కట్టాం. తీరా మా అమ్మాయి నింపిన ఫారంలో అడిగింది మేకప్ లేని మామూలు ఫొటోలు. వాళ్లు తీసిన వాటిలో ఒక్కటీ పనికిరాలేదు. మా మేడ మీద పొద్దున వెలుతురులో మా అబ్బాయి ఫోన్‌తో తీసినవే పంపాం. రసీదు అడిగితే ఇవ్వలేదు.

ఆడిషన్ రోజు తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వలేదు, బయట కూర్చున్నాను. లోపల జరిగింది తను చెప్పిందే. ఎత్తు కొలిచి, నడుముకి నంబరు అంటించి, పది పది మందిని పిలిచారట. తన వంతు వచ్చేసరికి ముందున్న ముగ్గురు చార్మినార్, ముత్యాలు చెప్పేశారు. మా అమ్మాయి ఆ కాగితం వదిలేసి, "మాది వరంగల్ కొత్తవాడ, మా తాతయ్య గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు" అని మొదలుపెట్టిందట. అప్పటిదాకా కాగితాల్లోకి చూస్తున్న జడ్జి ఒకావిడ తలెత్తి, ఒక్కరే నేస్తారా అని అడిగారట. పెద్దదైతే ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారని, చిన్నప్పుడు తాతయ్య పక్కన కూర్చుని నూలు కండెలు అందించేదాన్నని సగం ఇంగ్లీషు సగం తెలుగులో చెప్పింది. రెండో రౌండ్‌కి పిలిచారు. అక్కడ ఆగిపోయింది. బయటికొచ్చి నన్ను పట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత ఆ జడ్జి అడిగిన ప్రశ్న దారంతా మళ్లీ మళ్లీ చెప్పింది.

ఇలాంటి క్లాసులో చేర్చాలనుకునే వాళ్లు డబ్బు కట్టకముందే ఫొటోషూట్, గౌను, మేకప్ ఖర్చులు ఫీజులో ఉన్నాయా లేదా కాగితం మీద రాయించుకోండి. ఒక రోజు క్లాసు వెనక కూర్చుని చూస్తామని అడగండి. పరిచయం రాసిచ్చేస్తామంటే వద్దనండి, మీ పిల్ల చేత మీ ఊరి గురించి ఇంట్లోనే చెప్పించండి, అమ్మమ్మ ముందు, పక్కింటి వాళ్ల ముందు. మొత్తంగా క్లాసుకి నేనిచ్చేది ఐదుకి రెండున్నర. ఆ రెండున్నరా నడక మేడం వల్లే.

మా అమ్మాయి మళ్లీ అప్లై చేస్తానంటోంది. వయసు ఉంది, ఇంకా నాలుగేళ్ల టైం ఉంది. ఈసారి ఆ క్లాసుకి పంపను. నడక మేడం విడిగా ఆదివారాలు రెండు గంటలు నేర్పుతానన్నారు, దానికి మాత్రం వెళ్తాం. ఆదోని అమ్మాయికి కూడా ఫోన్ చేసి చెప్పాను, తనూ వస్తానంది.