భారత మహిళల హాకీ జట్టు: పదేళ్లు వదలకుండా చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఈ జట్టుకి నేనిచ్చేది అయిదుకి రెండున్నర. 2021 ఆగస్టులో, టోక్యో ఒలింపిక్స్‌లో సెమీస్ దాకా వెళ్లినప్పుడు అడిగి ఉంటే కళ్లు మూసుకుని అయిదుకి అయిదు ఇచ్చేదాన్ని. ఈ నాలుగున్నరేళ్లలో మిగతా సగం ఎక్కడ పోయిందన్నదే నా బాధ, రాయాలనిపించింది కూడా అందుకే.

నేను గుంటూరులో ఉంటాను. స్కూల్లో మట్టి గ్రౌండ్ మీద హాకీ ఆడాను, లెఫ్ట్ వింగ్, జిల్లా స్థాయి దాటలేదు. టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద మ్యాచ్ కళ్లారా చూసింది 2023 ఫిబ్రవరిలో, కాకినాడలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు పెట్టినప్పుడు. బాల్ అంత వేగంగా, గీత గీసినట్టు జారిపోతుందని టీవీలో ఎన్ని మ్యాచ్‌లు చూసినా నాకు అర్థం కాలేదు. మట్టి మీద ఆడి వచ్చిన పిల్ల టర్ఫ్ మీదికి వచ్చిందంటే ఆట మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. ఇది ఎందుకు చెప్తున్నానంటే, జట్టుని కొత్తగా కట్టడం గురించి మాట్లాడేటప్పుడు చాలామంది కొత్త ప్లేయర్లు చెట్టుకి కాస్తారన్నట్టు మాట్లాడతారు.

జట్టుని వదలకుండా చూడటం రియో నుంచి మొదలుపెట్టాను. 36 ఏళ్ల తర్వాత మన అమ్మాయిలు ఒలింపిక్స్‌కి వెళ్లారు, జపాన్‌తో 2-2 డ్రా ఒక్కటే మిగిలింది, 12 జట్లలో 12వ స్థానం. అక్కడ మొదలుపెట్టాను కాబట్టి నాలుగు మ్యాచ్‌లు ఓడిపోతే టీవీ కట్టేసే మనిషిని కాదు.

మా వాదన అంతా విజయవాడలో, సత్యనారాయణపురంలో మా బాబాయి ఇంట్లో నడుస్తుంది. బాబాయి రైల్వేలో చేసి రిటైరయ్యాడు, వయసులో ఉన్నప్పుడు హాకీ ఆడేవాడు, మోకాలు చూపిస్తూ ఇప్పటికీ ఆ మాటలే. ఆయన కొడుకు, మా తమ్ముడు, చికాగోలో ఉంటాడు, అక్కడ ఐస్ హాకీ పిచ్చి పట్టింది. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో వాడూ చేరతాడు. 2025 జూన్ తర్వాత ఈ ముగ్గురం కలిస్తే ఇంకో టాపిక్ లేదు.

జూన్ అంటే ఏమైందో గుర్తులేనివాళ్లకి చెప్తాను. ప్రపంచంలోని పెద్ద జట్లు ఆడే ప్రో లీగ్‌లో యూరప్ వెళ్లి వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఆడారు, ఎనిమిదీ ఓడిపోయారు. ఆస్ట్రేలియా, అర్జెంటీనా, బెల్జియం, చైనా, ఒక్కొక్కరితో రెండేసి. తొమ్మిది జట్లలో ఆఖరి స్థానం, లీగ్ నుంచే కిందికి దింపేశారు. ఇదే జట్టు ఆ ఫిబ్రవరిలో భువనేశ్వర్‌లో ఇంగ్లండ్‌ని 3-2తో, జర్మనీని 1-0తో కొట్టి, ఒలింపిక్ ఛాంపియన్ నెదర్లాండ్స్‌ని 2-2 దగ్గర ఆపి, డ్రా అయితే ఒక్కొక్కరుగా గోల్‌కీపర్‌తో తలపడే షూటౌట్‌లో గెలిచింది. నాలుగు నెలల్లో ఇంత తేడా ఎలా వస్తుందని ఆ జూన్‌లో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టలేదు.

బాబాయి మాట ఒకటే. "సీనియర్లని మోసుకుంటూ కూర్చుంటే బాగుపడదమ్మా. అందర్నీ పక్కన పెట్టి పాతికేళ్ల లోపు పిల్లల్తో మళ్లీ మొదలుపెట్టాలి. ఇప్పుడు ఓడిపోతే ఓడిపోయారు, నాలుగేళ్లకి తయారవుతారు." తమ్ముడు దానికి తోడు చికాగో కథ చెప్తాడు. అక్కడి ఐస్ హాకీ జట్టు బ్లాక్‌హాక్స్ 2010, 2013, 2015లో మూడుసార్లు కప్పు కొట్టింది, తర్వాత జారిపోయింది, చివరికి మేనేజ్‌మెంట్ జట్టునే విప్పేసింది. ప్యాట్రిక్ కేన్ లాంటి స్టార్‌ని 2023లో న్యూయార్క్‌కి పంపేశారు, ఆ సీజన్ దాదాపు అడుగున నిలబడ్డారు, ఆ జూన్‌లో డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే చోట, మొదటి అవకాశం వచ్చి కానర్ బెడార్డ్ అనే కుర్రాణ్ని తీసుకున్నారు. "అక్కా, కూలగొట్టకుండా కట్టలేరు" అంటాడు వాడు.

నేను ఒప్పుకోను. వాడి లీగ్‌లో కింద పడిన జట్టుకి నిచ్చెన వేసే పద్ధతి ఉంది, ఆఖరి వరసలో ఉన్న జట్లకి లాటరీలో మంచి కుర్రాణ్ని ముందుగా ఎంచుకునే ఛాన్స్ ఎక్కువ. అందుకే అక్కడ ఓడిపోవడం కూడా ఒక ప్లాన్ అవుతుంది, అభిమానులు అది నచ్చినా నచ్చకపోయినా ఓర్చుకుంటారు. దేశం జట్టుకి డ్రాఫ్ట్ ఎక్కడుంది? ఓడిపోతే వచ్చేది ఏమీ లేదు, పోయేదే. ప్రో లీగ్‌లో ఉంటే ఏడాదికి పదహారు మ్యాచ్‌లు ప్రపంచంలోని పెద్ద జట్లతో దొరుకుతాయి. కిందికి పడితే దొరికేది నేషన్స్ కప్ అనే ఒక్క టోర్నమెంటు. ఇరవై ఏళ్ల పిల్ల నేర్చుకోవాలంటే బెల్జియం డిఫెండర్ మీద బాల్ పోగొట్టుకుని, మర్నాడు మళ్లీ అదే డిఫెండర్ మీద ఆడి నేర్చుకోవాలి. ఆ క్లాసురూమే మనం పోగొట్టుకున్నాం, ఇక పిల్లల్ని ఎక్కడ తయారుచేస్తారు?

ఇది విన్నాక బాబాయి కాస్త తగ్గాడు గానీ సీనియర్ల విషయంలో మాత్రం తగ్గలేదు. అక్కడ నాకు కోపం వస్తుంది. సీనియర్లు ఎక్కువైనందుకు జట్టు పడలేదు, సీనియర్లు పోయిన తీరుకి పడింది. రాణి రాంపాల్ టోక్యోలో కెప్టెన్, ఆ తర్వాత గాయాలు, ఒకసారి జట్టులో ఒకసారి బయట, చివరికి 2024 అక్టోబరులో రిటైరయింది. వందన కటారియా 320 మ్యాచ్‌లు, 158 గోల్స్, 2025 ఏప్రిల్‌లో ఆపేసింది. గుర్జీత్ కౌర్ జట్టుకి దూరమైంది. వీళ్ల పక్కన రెండేళ్లు ఆడి, డి (గోల్ ముందుండే అర్ధవృత్తం) దగ్గర ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు బాల్ వదలాలో నేర్చుకున్న ఫార్వర్డ్‌లు ఎంతమంది మిగిలారు? మా బాబాయి చేసిన రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌ని ముందు సీనియర్ పక్కనే కూర్చోబెడతారు. ఇంజన్ ఒక్కసారే చేతికివ్వరు. అదే మాట నేనంటే ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు కోచ్‌ల సంగతి. నా రెండున్నర మార్కుల్లో ఎక్కువ కోత ఇక్కడే. 2017లో షోర్డ్ మరైన్ మహిళల కోచ్‌గా వచ్చాడు, ఏడాది తిరక్కుండానే సెప్టెంబరులో మగవాళ్ల జట్టుకి మార్చేశారు, హరేంద్ర సింగ్‌ని ఇటు తెచ్చారు. హరేంద్ర ఆ నవంబరులోనే ఆసియా కప్ గెలిపించాడు. 2018 మేలో మళ్లీ తారుమారు, ఆయన అటు, మరైన్ ఇటు. ఆ తర్వాత మరైన్‌ని మూడేళ్లు కదపలేదు, ఫలితం టోక్యోలో కనిపించింది. ఒలింపిక్స్ అవగానే ఆయన వెళ్లిపోయాడు. యానెక్ స్కోప్‌మన్ వచ్చింది, 2022లో ప్రో లీగ్‌లో మూడో స్థానం, కామన్వెల్త్ కాంస్యం, నేషన్స్ కప్ అన్నీ ఆవిడ హయాంలోనే. రాంచీలో పారిస్ ఒలింపిక్స్ క్వాలిఫయర్లు ఓడిపోయాక 2024 ఫిబ్రవరిలో, ఇక్కడ ఆడవాళ్లకి గౌరవం దక్కడం కష్టంగా ఉందని బాహాటంగా చెప్పి రాజీనామా చేసింది. ఏప్రిల్‌లో హరేంద్ర తిరిగి వచ్చాడు, 2025 డిసెంబరు 1న వ్యక్తిగత కారణాలని చెప్పి తప్పుకున్నాడు. 2026 జనవరిలో మళ్లీ మరైన్. తొమ్మిదేళ్లలో ఎన్ని మలుపులో చూడండి, తిరిగి తిరిగి అదే మనిషి దగ్గరికే వచ్చాం.

మరైన్ రావడం నాకు సంతోషమే. ఫిట్‌నెస్ చూసే వేన్ లొంబార్డ్ కూడా వెనక్కి వచ్చాడు, టోక్యోలో మన వాళ్లు ఆఖరి క్వార్టర్ దాకా పరిగెత్తడానికి ఆయన పని చాలా పెద్దది. కానీ నాకు కావాల్సింది మరైన్ పేరు కాదు, మరైన్‌కి ఇచ్చే టైము. చైనాని చూడండి, కోచ్ అలిసన్ అన్నన్ చేతిలో రెండేళ్లకు పైగా ఉంచారు, 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెమీస్‌లో మనల్ని 4-0తో కొట్టారు, 2024లో పారిస్‌లో రజతం తెచ్చుకున్నారు. ఆ పారిస్‌కి మనం వెళ్లనే లేదు.

రాంచీ గురించి రాయకుండా ఉండలేను. 2024 జనవరి 19. అంతకు ముందు రోజు జర్మనీతో 2-2, షూటౌట్‌లో 3-4. అదే గుండెకోత, అయినా ఇంకో దారి ఉంది, జపాన్‌ని కొడితే పారిస్. ఆ రోజు ఆఫీసులో పర్మిషన్ అడిగి ముందే బయల్దేరాను, బ్రాడీపేట ట్రాఫిక్‌లో చిక్కుకుని, ఇంటికి వచ్చేసరికి జపాన్ పెనాల్టీ కార్నర్ మీద గోల్ కొట్టేసింది, మ్యాచ్ మొదట్లోనే. ఇంకా బోలెడు టైముంది అనుకున్నా. మనకి పెనాల్టీ కార్నర్ మీద పెనాల్టీ కార్నర్ వస్తోంది, ఒక్కటి కూడా లోపలికి పోలేదు. 0-1. హూటర్ మోగాక అమ్మాయిలు టర్ఫ్ మీద కూలబడిపోతే నేను ఇక్కడ గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. అమ్మ వచ్చి "పోనీలేవే, ఆటే కదా" అంది. ఆవిడకి ఎలా చెప్పను?

అందుకే నా అసలు ఫిర్యాదు పెనాల్టీ కార్నర్ మీద. తెలియనివాళ్లకి రెండు మాటలు: బేస్ లైన్ నుంచి ఒకరు బాల్ తోస్తారు, డి బయట ఒకరు ఆపుతారు, మూడో మనిషి దాన్ని స్టిక్‌తో ఈడ్చి విసురుతుంది, అదే డ్రాగ్ ఫ్లిక్. తోయడం ఒక బెత్తెడు పక్కకి పోయినా, ఆపిన బాల్ కాస్త ఎగిరినా అంతా వృథా. ముగ్గురి చేతులూ ఒకే తాళానికి పడాలి, అది ఏళ్ల తరబడి అదే ముగ్గురు కలిసి చేస్తేనే వస్తుంది. టోక్యో క్వార్టర్‌ఫైనల్‌లో ఆస్ట్రేలియాని 1-0తో ఇంటికి పంపిన గోల్ పెనాల్టీ కార్నరే, 22వ నిమిషంలో గుర్జీత్. ఆ తర్వాత దీపిక వచ్చింది, 2024 నవంబరులో రాజ్‌గిర్‌లో ఆసియన్ ఛాంపియన్స్ ట్రోఫీలో 11 గోల్స్ కొట్టింది, ఫైనల్లో చైనా మీద పడిన ఒకే ఒక్క గోల్ కూడా తనదే. మంచిదే, కానీ ఒక్క దీపికేనా? 2025 సెప్టెంబరు ఆసియా కప్‌కి గాయంతో దీపిక లేదు, గోల్‌కీపర్ సవిత కూడా లేదు. ఫైనల్లో చైనా చేతిలో 1-4. ఆ ఫైనల్ గెలిస్తే నేరుగా ప్రపంచకప్‌కి వెళ్లేవాళ్లం. ఒక మనిషి తొడ కండరం మీద దేశం ప్రపంచకప్ ఆధారపడేలా జట్టుని నడిపారు, మేనేజ్‌మెంట్ లోపం అంటే నా దృష్టిలో ఇదే, మిగతావన్నీ దీని తర్వాత.

మంచి కూడా ఉంది, లేకపోతే రెండున్నర ఎందుకిస్తాను. సలీమా టెటే బాల్ తీసుకుని కుడివైపు నుంచి పరిగెత్తిందంటే ఇప్పటికీ నేను సోఫాలో ముందుకి జరుగుతాను. ఝార్ఖండ్ సిమ్డెగా పల్లె నుంచి వచ్చి కెప్టెన్ అయింది. సవిత ఉందంటే షూటౌట్ అన్నా టెన్షన్ సగం తగ్గుతుంది, 300 మ్యాచ్‌లు దాటిన గోల్‌కీపర్ ఊరికే అవుతారా. జూనియర్ అమ్మాయిలు 2023లో, 2024లో వరసగా రెండుసార్లు ఆసియా కప్ గెలిచారు, అంటే పిల్లలు లేక కాదు. 2025 నుంచి మహిళలకీ హాకీ ఇండియా లీగ్ పెట్టారు, మొదటి ఏడాది నాలుగే జట్లు, అయినా విదేశీ ప్లేయర్ల పక్కన మన పిల్లలు డ్రెస్సింగ్ రూమ్ పంచుకుంటున్నారు. ఇది పదేళ్ల ముందు రావాల్సింది.

ఒక్క మాట మన రాష్ట్రం గురించి. టోక్యోకి వెళ్లిన బృందంలో చిత్తూరు జిల్లా అమ్మాయి రజని ఉంది, గోల్‌కీపర్. ఇంతమంది జనాభాలో ఆ ఒక్క పేరే మళ్లీ మళ్లీ చెప్పుకుంటున్నాం. మా గుంటూరులో నేను ఆడిన స్కూల్ గ్రౌండ్‌లో ఇప్పుడు హాకీ లేదు, గోల్ పోస్టులు తీసేసి సగం షెడ్ కట్టారు. అటువైపు వెళ్లినప్పుడల్లా ఒకసారి ఆగి చూస్తాను.

2026 మార్చి 8 నుంచి హైదరాబాద్‌లో ప్రపంచకప్ క్వాలిఫయర్లు. మన ఇంటి పక్కన ఆడుతుంటే టీవీలో చూడటం ఏంటని బాబాయీ నేనూ టికెట్లు తీసుకున్నాం, ఆయన విజయవాడలో ఎక్కుతాడు, నేను గుంటూరులో, సికింద్రాబాద్ స్టేషన్లో కలుసుకోవాలి. ఆయన ఇంకా సీనియర్లని తీసేయాలనే అంటున్నాడు, సవిత సంగతి వచ్చేసరికి మాత్రం "ఆ అమ్మాయి వేరులే" అంటాడు. రాత్రి ఫోన్ చేసి, మనకొచ్చే ప్రతి పెనాల్టీ కార్నర్‌నీ ఎవరు తోశారు, ఎవరు ఆపారు, ఎవరు కొట్టారు రాసుకుందామని చెప్పాడు, దానికోసం పాత రైల్వే డైరీ తెస్తున్నాడు. నేను రెండు పెన్నులు సర్దుకున్నాను.